రెడ్డెప్ప వెతుకుతున్న జుమ్ము

ఏళ్ల తరబడి ఒక శబ్దాన్ని కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. వింటే నవ్వొచ్చే బరువే. అయినా బరువే. మీరు నన్నెరుగరు కాబట్టి మీకు చెప్పేస్తాను.

పాత కంప్యూటర్లలో చిప్పుతో శబ్దం పుట్టించే సౌండ్ కార్డుల మీద పాటలు కట్టడం నా పిచ్చి. నాది మదనపల్లె. పుంగనూరు రెడ్డెప్పదీ ఇదే పిచ్చి. నాకంటే చిన్నవాడు, నాకంటే బాగా కడతాడు. మాలాంటివాళ్లం అప్పుడప్పుడూ ఒకచోట చేరి వాయించుకుంటాం. ఒకటే కట్టుబాటు: పాట అక్కడికక్కడ కార్డులోంచే రావాలి. ముందే రికార్డు చేసింది పెడితే పరువు పోయినట్టే.

కొన్నేళ్ల కిందట ఒకసారి కుప్పంలో కలిశాం. బస్సు కుదుపులకో ఏమో, నా కార్డు నోరు మూసుకుంది. ఆ మాట చెప్పేస్తే ఏం పోయేది? కానీ ఇంట్లో వాయిస్తూ ఫోనులో పట్టుకున్న పాట నా దగ్గరుంది. ఫోనును కంప్యూటరు డబ్బా వెనక దాచి, స్పీకర్ల వైరు దానికి గుచ్చి, తెర మీద స్వరాలు పరుగెత్తుతుంటే పెద్ద విద్వాంసురాలిలా తల ఊపుతూ కూర్చున్నాను. ఆ రికార్డులో పాట వెనకాల మా ఇంటి ఫ్యాను కూడా తిరుగుతోంది.

అందరూ చప్పట్లు కొట్టారు. రెడ్డెప్ప కళ్లు మూసుకుని ఉండిపోయాడు.

“అక్కా, ఎనకాల జుమ్మని వస్తాండాదే, అదీ పాత చిప్పు ప్రాణం. నా కార్డులో యాల రాదో.”

“వాడేకొద్దీ వస్తాదిలేప్పా,” అన్నాను.

ఎందుకన్నాను? పొగడ్త తీపి, అంతే.

నా మాట నమ్మి వాడాడు. ఎంత వాడినా రాకపోయేసరికి కార్డు విప్పాడు, కెపాసిటర్లు మార్చాడు, టంకం పెట్టాడు. రెండు కార్డులు చచ్చాయి. ఫోనులో చెప్పినప్పుడల్లా నేను అయ్యో అనేదాన్ని; నిజంగానే బాధపడేదాన్ని, బాధపడుతూనే నోరు మెదపలేదు, ఇందులో ఏది ఎక్కువ సిగ్గుచేటో నాకిప్పటికీ తేలలేదు.

మొన్న మళ్లీ ఫోను చేశాడు. మిగిలిన ఒక్క కార్డునూ ఈ ఆదివారం విప్పుతాడట. అలాంటివి ఇప్పుడు దొరకడం గగనం. అదీ పోతే అతని పాటలు ఆగిపోతాయి, మా ఇంటి ఫ్యాను పుణ్యమా అని.

అందుకే ఇంతవరకూ రాసింది మీకంటే ముందు అతనికే పంపాను. అది ఫ్యాను చప్పుడని, కార్డు విప్పొద్దని పైన ఒక ముక్క చేర్చాను. చదివినట్టు ఫోనులో గుర్తు పడింది. జవాబు రాలేదు. తిడతాడో, మాట్లాడడమే మానేస్తాడో. మానేసినా అడిగే మొహం నాకు లేదు.

కార్డు మాత్రం బతుకుతుంది. నాకు మంచి ఆకలి వేస్తోంది.