ఖాళీ తూకం

మొగిలికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఏ లెక్క చెప్పినా, ఎంత మంచి కబురు తెచ్చినా ముందు "ఖాళీ తూకం ఎంత?" అని అడుగుతాడు.

గోదావరిఖనిలో బొగ్గు లారీలు తూచే కాంటా దగ్గర ఆయన ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా పనిచేశాడు. అక్కడి పద్ధతి అందరికీ తెలిసిందే. లారీని ముందు ఖాళీగా తూస్తారు. బొగ్గు నింపుకుని వచ్చాక మళ్లీ తూస్తారు. రెండో తూకంలోంచి మొదటిది తీసేస్తే మిగిలిందే బొగ్గు. 2010లో మొగిలి రిటైరయ్యాడు గానీ తీసివేతలు మాత్రం ఆయన్ని వదలలేదు.

ఈ సంగతి పక్క క్వార్టరు సదయ్యకు అనుభవం మీద తెలుసు. మనవరాలు పుట్టిన రోజు సదయ్య దవాఖాన నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా, బిడ్డ మూడు కిలోలున్నది!"

మొగిలి సంతోషం పట్టలేక సదయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. పట్టుకునే అడిగాడు. "బట్టతోనా, బట్ట లేకుండనా?"

సదయ్య మళ్లీ దవాఖానకు పోయి కనుక్కుని వచ్చాడు. బట్ట తీసేస్తే రెండు కిలోల తొమ్మిది వందలు. "ఆఁ, గిప్పుడు మంచిగున్నది," అన్నాడు మొగిలి. పుట్టిన పూటే మనవరాలు వంద గ్రాములు తగ్గింది.

సమ్మక్క జాతరలో సదయ్య భార్య సారవ్వ తన ఎత్తు బెల్లం ఇస్తానని మొక్కుకుంది. తక్కెడలో కూర్చోగానే మొగిలి ఆమె చేత తాళంచెవుల గుత్తి తీయించాడు, పోకచెక్కల సంచీ తీయించాడు. తర్వాత కాళ్ల వైపు చూశాడు.

"కడియాలు తియ్యి సారవ్వా."

"తియ్యరావు బావా. పెండ్లప్పుడు ఎక్కిచ్చినయి."

మొగిలి క్యూ వెంబడి పోయి, అలాంటి కడియాలే ఉన్న లింగవ్వ అనే ముసలమ్మను వెతికి పట్టుకుని, ఆమెవి విప్పించి తెచ్చి బెల్లం వైపు పళ్లెంలో పెట్టాడు. వెనక నూట యాభై మంది నిలబడి తిడుతున్నారు.

"అమ్మకు జరంత బెల్లం ఎక్కువైతే ఏమైతది బావా?" అని సారవ్వ ఏడుపు మొహం పెట్టింది.

"ఎక్కువ ఇయ్యి, ఎవరొద్దన్నరు? గని అది నీ ఎత్తని తల్లికి అబద్ధం చెప్పకు."

సొంత బామ్మర్ది లారీనే మొగిలి గేటు దాకా పోయాక వెనక్కి పిలిపించిన సంగతి కాంటా దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. ఖాళీ లారీని తూచినప్పుడు క్లీనరు బండి మీద ఉన్నాడట, బొగ్గుతో తూచినప్పుడు కిందికి దిగాడట. అంటే క్లీనరంత బొగ్గు అదనంగా పోతోంది. మొగిలి క్లీనర్ని మళ్లీ లారీ ఎక్కించి తూచి, తేడా వచ్చినంత బొగ్గు దింపించాడు. బామ్మర్ది ఏడాది పాటు ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు.

ఇలాంటి మనిషి ఉన్న కాలనీలోకి, 2011 ఎండాకాలంలో, నడక మిషన్ వచ్చింది.

కాలనీ క్లబ్బు సెక్రటరీ జగదీశ్వర్ దాన్ని తెప్పించి, కొబ్బరికాయ కొట్టి, ఎర్ర రిబ్బను కత్తిరించాడు. మనిషి ఎక్కి నిలబడితే కింద పట్టా నడుస్తుంది, మనిషి ఉన్నచోటే ఉంటాడు. ఎన్ని కేలరీలు కరిగాయో ఎదురుగా ఎర్ర అంకెల్లో చూపిస్తుంది. దేంట్లో ఎన్ని కేలరీలుంటాయో ఒక చార్టు రాయించి గోడకు అంటించాడు జగదీశ్వర్. అందులో మిర్చి బజ్జీ తొంభై.

సదయ్య ఆ చార్టును రెండుసార్లు చదివాడు. అప్పటికే ఆయనకు షుగరు. గనిలోపల ఇరవై ఏళ్లు పనిచేసి, ఇప్పుడు పైన ల్యాంపు రూంలో కూర్చుని టోపీ లైట్లు అందిస్తున్నాడు. బరువు ఎనభై నాలుగు కిలోలు. బజ్జీలు మానమని సారవ్వ మూడేళ్లుగా మొత్తుకుంటోంది. మానక్కర్లేకుండా మిషన్ దారి చూపించింది.

రోజూ డ్యూటీ దిగి అరగంట మిషన్ ఎక్కేవాడు. రెండు పక్కల కడ్డీల మీద బరువంతా ఆనించి, కాళ్లు పట్టాను తాకీ తాకనట్టు నడిచేవాడు. మిషన్ నూట తొంభై చూపించేది. అక్కడి నుంచి నేరుగా ఫరీద్ హోటలు.

"ఇయ్యాల ఎంతచ్చింది సదన్నా?"

"నూట తొంభై, ఫరీద్ భాయ్."

ఫరీద్ రెండు బజ్జీలు పెట్టేవాడు. అవి నూట ఎనభై. మిగిలిన పదికి చాయ్‌లో అర చెంచా చక్కెర వేసేవాడు. లెక్క సరిపోయేది. చేసిన కష్టం చేసిన చోటే తీరిపోవడం సదయ్యకు ఎంతో తృప్తిగా ఉండేది.

మొగిలి వారం రోజులు బెంచీ మీద కూర్చుని ఊరికే చూశాడు. ఎనభై నాలుగు కిలోల సదయ్యకు నూట తొంభై వచ్చింది. యాభై ఎనిమిది కిలోల జగదీశ్వర్‌కూ నూట తొంభై వచ్చింది.

"ఏంది బిడ్డా, నీ కాంటా లారీకీ సైకిలుకూ ఒకటే తూకం చూపెడుతున్నది?"

"కాకా, అది ఫారిన్ టెక్నాలజీ. మనకు సమజ్ కాదు."

"సరే. ఖాళీ తూకం ఎంత?"

జగదీశ్వర్ చెయ్యి విదిలించి వెళ్లిపోయాడు. ఆదివారం పొద్దున ఆయన తిరిగొచ్చేసరికి మిషన్ నడుస్తోంది. దాని మీద ఎవరూ లేరు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో మొగిలి చాయ్ తాగుతూ కూర్చున్నాడు. చుట్టూ పదిమంది, వాళ్లలో సదయ్య కూడా ఉన్నాడు.

"మనిషి లేకుండ ఎందుకు నడిపిస్తున్నవ్ కాకా?"

"బండిని ఖాళీగ తూచకుండ లోడెట్ల తూస్తవ్? ఆగు, అరగంట కావస్తున్నది."

అరగంట అయింది. పట్టా ఆగింది. ఎదురుగా ఎర్రగా నూట తొంభై.

"లోడుతోని నూట తొంభై. ఖాళీగ నూట తొంభై. తీసేస్తే?" అని మొగిలి అందరి మొహాలూ చూశాడు. ఎవరూ తీసేయలేదు. "సదయ్యా, నువ్వు కరిగిచ్చింది సున్న. తిన్న బజ్జీలు మాత్రం అసలు తూకం."

పదిమందీ నవ్వారు. సదయ్యకు తల కొట్టేసినట్టయింది. జగదీశ్వర్ మొగిలిని నెల రోజులు క్లబ్బు మెట్లెక్కొద్దన్నాడు. సదయ్య మొగిలితో మాట్లాడటం మానేసి, పంతానికి మూడో బజ్జీ కూడా మొదలుపెట్టాడు.

వానలు పడ్డాక సదయ్య ఎడమకాలి బొటనవేలికి బూటు ఒరుసుకుని పుండు పడింది. మానడానికి నెలన్నర పట్టింది. కంపెనీ దవాఖానలో రక్తం పరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది. పిలవకపోయినా వెంట వచ్చిన మొగిలి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎక్సర్‌సైజు చేస్తున్నవా సదయ్యా?"

"రోజు నూట తొంభై చేస్తున్నమ్మా."

"నూట తొంభై ఏంది?"

సదయ్య చెప్పాడు. డాక్టరమ్మ అంతా విని నెమ్మదిగా చెప్పింది. ఈసారి పుండు మానింది. షుగరు ఇట్లనే ఉంటే మళ్లీ పడ్డ పుండు మానదు, వేలు తీసెయ్యాల్సి వస్తుంది. బజ్జీలు బంద్. మంచి బూట్లు వేసుకుని రోజూ నాలుగు కిలోమీటర్లు నడవాలి, నేల మీద.

సదయ్యకు వేలు పోతుందంటే భయమే. కానీ నాలుగు కిలోమీటర్లంటే అంతకన్నా భయం. బయటికి రాగానే బేరం పెట్టాడు.

"నాలుగు నాతోని కాదన్నా. మోకాళ్లల్ల బలం లేదు. రెండు. రానుబోను కలిపి రెండు. ఒక్క గజం ఎక్కువైనా రోడ్డు మీదనే కూసుంట."

మొగిలి ఆయన బొటనవేలి వైపు చూశాడు. "సరే. రెండు."

మరునాడు మొగిలి సైకిలు చక్రం మీద సుద్దముక్కతో గీత గీసి, చుట్లు లెక్కపెట్టుకుంటూ కాలనీ నుంచి కాంటా దాకా పోయి వచ్చాడు. "సరిగ్గ కిలోమీటరు," అన్నాడు. కొలిచింది మొగిలి కాబట్టి సదయ్యకు అనుమానమే రాలేదు. రోజూ తెల్లారగానే ఇద్దరూ కాంటా దాకా నడిచి తిరిగొచ్చేవారు. మొదటి రోజే గంటకు పైగా పట్టింది.

"రెండు కిలోమీటర్లకు గింతసేపా అన్నా?"

"నువ్వు మెల్లగ నడుస్తున్నవ్."

సదయ్య సిగ్గుపడి జోరు పెంచాడు. నెల తర్వాత మళ్లీ అడిగాడు. "ఇంకా మెల్లగనే నడుస్తున్నవ్," అన్నాడు మొగిలి. ఇంకా పెంచాడు.

ఏడు నెలలు గడిచాయి. షుగరు అదుపులోకి వచ్చింది. బరువు డెబ్బై అయిదుకు దిగింది, అదీ చెప్పులు విడిచాక. వేలు వేలులాగే ఉంది. "రెండు కిలోమీటర్లకే ఇంత తగ్గిందా?" అని డాక్టరమ్మ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది.

ఆ వారమే ఫరీద్ కొత్త మోటారుసైకిలు కొని, సదయ్యను ఎక్కించుకుని కాలనీ నుంచి కాంటా దాకా తిప్పాడు. దిగాక సదయ్య అలవాటుకొద్దీ మీటరు చూశాడు.

"నీ మీటరు ఖరాబున్నది భాయ్. రెండు తిరిగింది."

"అరె, నిన్న కొన్న బండి సదన్నా!"

వెనక్కి పోయారు. రెండు. మళ్లీ వచ్చారు. రెండు. ఫరీద్‌ను పంపించేసి సదయ్య కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. క్లీనరంత బొగ్గు కోసం బామ్మర్దినే వెనక్కి పిలిచిన మనిషి, అమ్మవారి ముందు కడియాల బరువు కూడా దాచనివ్వని మనిషి, ఏడు నెలలుగా రోజూ పొద్దున్నే తనకు అబద్ధం చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్ల కాంటా గుమాస్తా ఒక బొటనవేలి కోసం తప్పుడు తూకం వేశాడు. సదయ్యకు గుండె నిండినట్టయింది. అయినా నిలదీయకుండా వదలబుద్ధి కాలేదు.

మొగిలి వాకిట్లో చిక్కుడుకాయలు వలుస్తున్నాడు.

"అన్నా, కాంటా దాక ఎంత దూరం?"

"కిలోమీటరు."

"ఫరీద్ బండి రెండు చూపెట్టింది. మూడుసార్లు."

"మిషన్లను నమ్మకుమని నీకెప్పుడో చెప్పిన."

"రానుబోను నాలుగు! ఏడు నెలలు నాతోని నాలుగు నడిపిచ్చినవ్!"

మొగిలి చిక్కుడుకాయను పరీక్షగా చూశాడు.

"కాంటా దాక పోయేటప్పుడు బండి ఖాళీనా, లోడా?"

"ఖాళీ."

"ఖాళీ బండిని లోడు కింద ఎట్ల రాస్తం? నాలుగుల రెండు తీసెయ్. ఎంత?"

"రెండు."

"మరి నేనేం జెప్పిన?"

మాట గట్టిగానే వచ్చింది గానీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. సదయ్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, ఆయన పక్కనే కూర్చుని సగం కాయలు వలిచి పెట్టాడు.

మరునాడు తెల్లవారి ఇద్దరూ బయలుదేరేసరికి రోడ్డు మీద కొత్త బూట్లతో జగదీశ్వర్ నిలబడి ఉన్నాడు. క్లబ్బు మిషన్ పట్టా తెగి నెలయింది. ఆయన పొట్ట అప్పుడప్పుడే ముందుకొస్తోంది.

"నేను గూడ వస్త కాకా. గని ఎక్కువ నడవలేను. ఎంత దూరముంటది?"

మొగిలి వంగి, సరిగ్గానే ఉన్న చెప్పును సరిచేసుకోసాగాడు.

"రెండే," అన్నాడు సదయ్య. "రానుబోను కలిపి. మొగిలన్న కొలిచిండు."

జగదీశ్వర్ ధీమాగా ముందు నడిచాడు.