నాయన ఐపీ పెట్టకుండా ఆగిన మూడు నెలలు

మొన్న జగిత్యాల బస్టాండులో చాయ్ తాగుతుంటే ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది, అప్పుల నుంచి విముక్తికి మీరు అర్హులేమో ఉచితంగా తెలుసుకోండి అని. నాకిప్పుడు మందుల షాపులో తప్ప ఎక్కడా బాకీ లేదు, అయినా పక్కవాళ్లు చూస్తారేమోనని ఫోన్ బోర్లా పెట్టాను. అప్పు తీర్చలేనని కోర్టుకెళ్లి ఒప్పుకోవడాన్ని మా సిరిసిల్లలో ఐపీ పెట్టడం అంటారు. మన వయసువాళ్లకు ఆ మాట ఇప్పటికీ మెల్లగానే పలకాలనిపిస్తుంది.

నేను జగిత్యాలలో బీకాం చదివే రోజుల్లో నాయనకు సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉండేవి. నూలు ధర పెరిగి, నేసిన బట్టను అడిగేవాడు లేక, అప్పిచ్చిన సేట్లు ఒక్కొక్కరే మా వాకిట్లో కుర్చీ వేసుకోవడం మొదలుపెట్టారు. మర్యాదస్తులే, అమ్మనడిగి మంచినీళ్లు తాగి, సాంచాలను కళ్లతోనే తూకం వేస్తూ కూర్చునేవారు. చివరికి నాయన వకీలు దగ్గరికి బయలుదేరాడు. వాణిజ్య చట్టంలో పాసు మార్కులు తెచ్చుకున్న మేధావినని నన్నూ వెంట తీసుకుపోయాడు.

అప్పులెన్ని, ఆస్తులేమిటి అని అడిగి, ఐపీకి అర్హత ఉందన్నాడు వకీలు. జీవితంలో నాయన పాసైన పరీక్ష అదొక్కటే. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది.

"ఈ మధ్యల ఎవలకన్న పైసలు ముట్టజెప్పినవా?"

నాయన ముఖం వెలిగింది. "కోరుట్ల మా చెల్లె బాకీ కట్టిన సారూ, మొన్ననే ఒక సాంచ అమ్మి. మొగడు లేని మనిషి, బీడీలు చేసి కూడబెట్టుకున్నయ్. అందరికన్న ముంగట దానియే ఇయ్యాలె గద."

వకీలు కలం కింద పెట్టాడు. "మంచి పనే చేసినవ్. గదే ఆమె మీదికి అచ్చేటట్టుంది."

అందరికీ పంచవలసిన సొమ్ము ఒక్కరికే ఇచ్చినట్టు లెక్క కనుక, ఇప్పుడు ఐపీ పెడితే కోర్టు ఆ డబ్బు అత్త నుంచి వెనక్కి అడగవచ్చట. ఆ డబ్బప్పటికే ఆమె కొడుకు, మా బావ, దుబాయి వీసాకని ఏజెంటు చేతిలో పడింది.

"ఇచ్చిన నాటికెల్లి మూడు నెలలు దాటనియ్యి, అటెన్క ఐపీ పెడితే ఆమెను అడుగరు. ఈలోపల ఏ సేటన్న నీ మీద పిటిషన్ ఏసిండా, ఇగ నా చేతుల ఏం లేదు."

ఆ మూడు నెలలు మా ఇంట్లో భయం ఒక బంధువులా దిగింది, తిండి మానలేదు, కదలలేదు. వాకిట్లో బండి ఆగితే అమ్మ చేతిలో గరిటె ఆగేది. ఏ సేటుకూ అనుమానం రాకుండా నాయన వాళ్లకు చాయ్ పోయించి, కొత్త సాంచాల గురించి ధీమాగా మాట్లాడేవాడు. వాళ్లు పోయాక వీధి తలుపు గడియ వేసి వచ్చేవాడు. అత్తకు చెప్పొద్దని మాతో ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే ఆమె వీసా మాన్పించి పైసలు తెచ్చి ఇస్తుంది. చెల్లెకు డబ్బిచ్చిన సంగతి ఏ సేటుకూ తట్టకూడదని తాను కోరుట్ల వైపే వెళ్లలేదు, రాఖీకి కూడా.

గడువు దాటింది, నాయన ఐపీ పెట్టాడు, సాంచాలు పోయాయి. అత్త గడపకు ఏ నోటీసూ రాలేదు, బావ విమానమెక్కాడు.

"పైసలిచ్చి చేతులు దులుపుకున్నడు మా అన్న. రాఖి కట్టించుకోను గూడ రాలే" అని అత్త పోయేదాకా అలిగే ఉంది. ఇప్పుడు ఫోన్ యాప్‌లో అప్పు తీసుకున్నవాడు ఒక వాయిదా తప్పితే, వాడి ఫోన్‌లో నంబరున్న చుట్టాలందరికీ సాయంత్రానికల్లా కబురు అందుతుందట. మా అత్తకు మాత్రం, తన అన్న ఎవరి కోసం అంత భయపడ్డాడో చెప్పినవాళ్లు లేరు.