పిన్ని చూసిన తాబేలు

మొన్న చోడవరం బస్టాండు పక్కన షాపులో మనవరాలికి బొమ్మల పుస్తకం కొంటూ ఒక పేజీ దగ్గర ఆగిపోయేను. రెండు హంసలు ముక్కులతో పట్టుకున్న పుల్లని నడిమధ్య కరుచుకుని ఆకాశంలో తేలిపోతున్న తాబేలు. నీటిరంగుల బొమ్మ. మబ్బులున్నచోట రంగే వెయ్యలేదు, తెల్లకాగితాన్ని అలాగే వదిలేసేరు. చుట్టూ నీలం తడికి జారి జారి, ఎక్కడ ఆరిందో అక్కడే ఆకాశమైపోయింది. షాపాయన "మేడమ్, తీసుకుంటారా?" అని రెండోసారి అడిగేదాకా నేను ఈ లోకంలో లేను.

దేవరాపల్లి అవతల ఒక పల్లెలో మా పిన్ని ఉండేది. కబుర్ల పుట్ట. కోడిపిల్ల తప్పిపోయిన సంగతి మొదలెట్టి, రైవాడ డ్యాము నిండిన సంగతి దాకా వెళ్ళి, కోడిపిల్ల ఊసే మర్చిపోయేది. బాబాయికి అది గిట్టేది కాదు. నలుగురిలో ఆవిడ నోరు తెరిస్తే చాలు, "తాబేలూ, పడిపోతావు" అనేవాడు. మాట్లాడబోయి, పుల్ల వదిలేసి, నేలమీద పడి చచ్చిన తాబేలు కథ తెలియనిదెవరికి? అందరూ నవ్వేవారు. పిన్నీ నవ్వేసి ఊరుకునేది.

ఒక వేసవి సెలవుల్లో నేను బళ్ళోంచి తీసుకెళ్ళిన పుస్తకంలో ఆ కథకి ఇలాంటి బొమ్మే ఉంది. చదువు రాని పిన్ని, చింతపండు పిక్కలు తీయడం ఆపి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. కింద చెరుకుతోటలు పచ్చటి మరకల్లా, ఏరు వెంట్రుకంత సన్నంగా. తాబేలు కంటిమీద వేలుపెట్టి, "ఒసే గుంటా, దీనికి బయం నేదే. ఎంత బాగా సూస్తన్నాదో సూడు. ఇంత సూసినాక సెప్పకుండా ఎలాగుంటాదే?" అంది.

ఆ వారంలోనే బాబాయి తన కూతురి చదువు ఏడో తరగతితో మాన్పించేస్తానని వాకిట్లో పెద్దల ముందు అన్నాడు. పిన్ని తలుపు దాటి వచ్చి నిలబడింది.

"గుంట సదువుకుంటాది. సోడవరంలో మా అక్కింట్లో ఉంటాది."

"తాబేలూ..."

"పడితే పడతాను. సెప్పేసే పడతాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాబాయి కేకలేసేడు, తర్వాత నెల్లాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. పిన్ని మాత్రం గోడకీ, గేదెకీ కబుర్లు చెప్తూనే ఉంది. బడులు తెరిచేసరికి చెల్లెలు రేకుపెట్టెతో చోడవరంలో మా ఇంటికి వచ్చేసింది. ఒకే మంచంమీద పడుకుని ఇద్దరం టెన్త్ దాకా చదివేం. తర్వాత అది నర్సయింది.

పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. బాబాయి ఆ రోజు ఏమని కేకలేసేడో ఒక్క ముక్కా గుర్తులేదు, పిన్ని మెల్లగా అన్న "సెప్పేసే పడతాను" మాత్రం నిన్న విన్నట్టే ఉంది. కాలం ముందుగా మర్చిపోయేది పెద్ద గొంతుల్నేనేమో.