గన్నవరం పైన తాగిన నీళ్లు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. నా కళ్లముందు పోయినవాళ్లు చాలామంది, ఒక్కరూ తిరిగొచ్చి పలకరించలేదు. అందుకే ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంటుంది.

మాది మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లి. నిరుడు నాట్ల సమయంలో మేం బాపు అని పిలిచే నాన్న మంచం పట్టి, ఇక ఈ రోజో రేపో అన్నట్టు అయ్యాడు. మావైపు పోయేవాళ్ల నోట్లో తులసి నీళ్లు పోస్తారు. ఎవరికోసం ప్రాణం కొట్టుకుంటుందో వాళ్లే పోస్తే సుఖంగా పోతారంటారు. బాపు ఫోన్లో నాతో ఒక్కమాటే అన్నాడు.

"నీ చేతి నీళ్లు తాగినంకనే పోత బిడ్డా."

బస్సును నమ్ముకుంటే అందుకోలేనని కడప నుంచి గన్నవరానికి విమానం ఎక్కాను. గాలిలో గంట ప్రయాణం. అక్కడి నుంచి విజయవాడ స్టేషను, రైల్లో మహబూబాబాద్, ఆపైన ఆటో. తమ్ముడికి ఇదంతా విడమరిచి చెప్పాను. వాడి చెవికెక్కింది ఆ గంట ఒక్కటే. అక్క గంటలో వస్తుందని ఇంటినిండా ఉన్న చుట్టాలకు చెప్పేశాడు. విమానమని మాత్రం బాపుకు చెప్పలేదట, భయపడతాడని.

గన్నవరం మీదికొచ్చాక మబ్బు కమ్మి, దిగడానికి వీల్లేదన్నారు. అక్కడక్కడే తిరుగుతున్నాం. పొద్దుటి నుంచి నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఉన్నట్టుండి ముక్కు మూసుకుపోయింది, ఎవరో రెండు వేళ్లతో గట్టిగా పట్టినట్టు. ఊపిరికోసం నోరు తెరిచాను. నోరంతా నీళ్లు. చల్లటి తులసి నీళ్లు. గుటకలు వేశాను, మిగిలినవి గడ్డం మీదుగా కారి కొంగు తడిసింది. పక్క సీటాయన కంగారుపడి రుమాలిచ్చాడు. తుడుచుకుంటే దానికి తులసాకు అంటింది. ఆయనా చూశాడు.

చివరికి మబ్బు విడి, విమానం దిగి ఇల్లు చేరేసరికి బాపును వాకిట్లో పడుకోబెట్టారు. డప్పులు కూడా వచ్చేశాయి. తమ్ముడి భార్య స్వరూప నన్ను పక్కకు తీసుకుపోయి ఏడుస్తూ చెప్పింది. గంట దాటేసరికి నేనిక రానని తేల్చేశారట. అందరికీ పొలం తొందర. మా చిన్నాయన చెప్పగా స్వరూపే నాలా గొంతు మార్చి, వచ్చాను బాపూ అందట.

"నువ్వు గాదు, అది ఇంకా మీద మబ్బులల్లనే ఉన్నది అన్నడు వదినె. నోరు మూసుకున్నడు. చిన్నమామ ముక్కు వట్టిండు, నేను పోసిన."

ముక్కు మూసి నీళ్లు పోస్తే మనిషి ఎలా పోతాడో నర్సుకు ఒకరు చెప్పాలా? వెళ్లి చిన్నాయనను నిలదీశాను. ఆయన చేతిలో బీడీ కూడా పారేయలేదు.

"ఎవలు పోస్తేంది? నీ పేరు మీదనే పోసినం గద."

ఆ మాటకు ఆయనను నేను చచ్చేదాకా క్షమించను.

బాపు దవడకు కట్టిన గుడ్డ విప్పి చూశాను. నాలుక ఎండి అట్టకట్టింది. పక్కకు తిప్పి వీపు నొక్కాను, చుక్క రాలేదు. తలకింది దిండూ పొడిగా ఉంది. పోసింది గిలాసెడు అని స్వరూప పిల్లల మీద ఒట్టేసింది.

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా చేతి నీళ్లకోసం ఆగిన మనిషి దాహంతోనే పోయాడు. ఆయన నీళ్లు నేను తాగాను.