సైదమ్మ చిన్నమ్మ చెప్పమన్న మాట

మా చిన్నప్పుడు నాట్లు ఒడిసే ముందు ఒక పూట ఎవ్వరూ కూలి తీసుకోకపోయేది... దాన్ని ధర్మం పూట అనేటోళ్లు.

మాది మిర్యాలగూడ దిక్కు, సాగర్ కాల్వ కింద ఊరు. మా అమ్మ ముఠాల పద్నాలుగు మంది ఆడోళ్లు. సీజనంతా కూలికి నాట్లేసి, ఆఖరుకు అందరు కలిసి ఒక్క ఇంటికి ఉత్తగనే ఏసేటోళ్లు. మొగడు లేనామెకో, బాలింతకో, మంచాన పడ్డోళ్లకో... ఎవరి మడి అనేది ముందు రోజు పొద్దుగూకే యాళ్లకు మా వాకిట్ల కూసోని తేల్చేది. మొగోళ్లు మధ్యల నోరు పెడితే మా అమ్మ ఊకుంటదా... "నడుములు వంగేటియి మాయి, మీకెందుకయ్యా?" అనేది.

ఎవరి సద్ది వాళ్లే కట్టుకపోవాలె. ఆ ఇంట్ల చాయ్ గూడ ముట్టొద్దు. ఇగ మడిల దిగితే పాటలు, ఎకసెక్కాలు, అత్తల మీద చాడీలు... కూలికి పోయిన రోజు కంటె ఆ పూటనే ఎక్కువ నవ్వేటోళ్లు. బడి ఎగ్గొట్టి గట్టు మీద కూసుంటే నాకు అదే పండుగ.

నాటేసేటప్పుడు అమ్మ పక్కన ఎప్పుడూ సైదమ్మ చిన్నమ్మే. చుట్టం కాదు, మా కులం గూడ కాదు. అయినా అమ్మకు పానం బాగలేకపోతే మా పొయ్యి ఆమెనే ముట్టిచ్చేది.

నాకు తొమ్మిదేండ్లప్పుడు చిన్నమ్మ ఇంటాయన తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు. నడుము ఇరిగింది. కౌలుకు పట్టిన ఎకరం మడికి నారు పోసి ఉంది. "హాలియా నుంచి మా అన్నలొచ్చి ఏపిస్తరు అక్కా" అని అమ్మతోని చెప్పింది. అమ్మ గదే నమ్మింది.

ధర్మం పూటకు ముందు రోజు మధ్యాహ్నం... అమ్మ రేషన్ షాపుకు పోయింది. నేను దోస్తులతోని పచ్చీసు ఆడుతున్న. చిన్నమ్మ ఉరుక్కుంట వచ్చింది. ఇంటాయనను సూర్యాపేట దవాఖానకు తీస్కపోతుంది, బస్సుకు టైమైంది.

"బిడ్డా, మా అన్నలు రాలేమన్నరు. రేపటి పూట మా మడికి ఇయ్యమని మీ అమ్మకు చెప్పు. పదిమందిల అడగాలంటే నాకు నోరు రాదు... మరువకు తల్లీ."

"మరువ చిన్నమ్మా" అన్న.

ఆమె అటు పోయింది, మా బాబాయి ఇటు స్కూటర్ మీద వచ్చిండు. "కోదాడకు వస్తవా, ఐస్‌క్రీం తినిపిస్త" అన్నడు. అంతే... గవ్వలు గూడ ఏరుకోలే, ఎక్కి కూసున్న. నేను కోదాడ పోయిన సంగతి మాత్రం పక్కింటి ముసలామె అమ్మకు మరువకుండ చెప్పింది.

మూడు రోజులకు వచ్చిన. అన్నం పెట్టుకుంట అమ్మ చెప్తుంది... ఈసారి ధర్మం పూట చివరి ఇంటి బాలింతకు ఇచ్చినమని. సైదమ్మకేం ఫికర్ లేదు, అన్నలున్నరు అని. చిన్నమ్మ గూడ పొద్దున్నే సూర్యాపేట నుంచి వచ్చి ఆ మడిల దిగిందట. పూటంతా ఒక్క మాట మాట్లాడకుండ వేరేటోళ్ల మడికి నాటేసిందట.

అప్పుడు యాదికొచ్చింది చిన్నమ్మ చెప్పమన్న మాట. చెప్తే వీపు పలుగుతదని భయం. అప్పుడన్న చెప్పుంటే ఎంత బాగుండు... నారు ఇంకా లేతగనే ఉంది, కాల్వల నీళ్లున్నయి. చెప్పలే. నా నోరు పడిపోను, చెప్పలే.

చిన్నమ్మ మడికి నాటు పడలేదని అమ్మకు తెలిసే యాళ్లకు నారు ముదిరింది, మడి నెర్రెలు వారింది. "మీ అన్నలు రాలేదేందే?" అని అడిగితే చిన్నమ్మ మొఖం సూడకుండ "రాలే అక్కా" అన్నదట. దసరా ఎల్లంగనే సామాను కట్టుకొని పట్నం పోయిన్రు. మాకు చెప్పకుండనే పోయిన్రు.

ఎన్నేండ్లైనా అమ్మది గదే మాట. "నాకొక్క మాట చెప్తే దాని సొమ్మేం పోయేది? అందరం పోయి ఒక్క పూటల ఏసేటోళ్లం గదా!" నేను లేచి అవతలికి పోయేదాన్ని. పెండ్లయింది, పిల్లలైన్రు... వాళ్లకు అబద్ధమాడొద్దని నీతులు చెప్పేదాన్ని. అమ్మకు మాత్రం రేపు చెప్త, ఎల్లుండి చెప్త... పోయినేడు అమ్మ పోయింది. మంచంల పడ్డంక గూడ అడిగింది, "సైదమ్మకు నేనేం జేసిన్నే?" అని. అప్పుడు గూడ ఏడ్సిన గని చెప్పలే.

ఇప్పుడు మా దిక్కు నాట్లు బీహార్ నుంచి వచ్చినోళ్లు గుత్తకు ఏస్తున్నరు. పాపం, వాళ్ల కష్టం వాళ్లది. ముఠాలు ఖతం అయినయి. ఎవరి మడి ఎండుతుందో పక్కింటోళ్లకే తెల్వదు.

మీ ఊర్ల గూడ ఆడోళ్లు గిట్ల కలిసి ఎవరికన్న ఆసరైతే కింద రాయండి... సదువుకుంట.

ఇంకొక్కటి. పట్నంల మిర్యాలగూడ దిక్కు నుంచి వచ్చిన సైదమ్మ అనే పెద్దామె మీకెవరికన్న తెలిస్తే, జర గీ ముచ్చట చెప్పండి. మా అమ్మ కాదనలే... ఆమెకు తెల్వనే తెల్వదు. చెప్పనిది నేను.