బొట్టు మేస్త్రి

భయస్తుడు అనగానే జనం దాని వెనక ఒక విషాదాన్ని వెతుకుతారు. చిన్నప్పుడు ఎక్కడో పడి ఉంటాడనో, కళ్లముందే ఎవరో పోయి ఉంటారనో. మోటారు సైకిళ్లు బాగుచేసే ఈ మేస్త్రి విషయంలో అలాంటిదేమీ లేదు. ఆయన జన్మలో ఎక్కడా పడలేదు. పడేంత వేగంగా ఏదీ నడపలేదు కూడా. ఇంటి నుంచి షెడ్డుకి సైకిలు మీద వస్తాడు, సైకిలు మీదే పోతాడు. ఎవరి బండి వెనకా కూర్చోడు. ఎవరైనా దింపుతానంటే "నడిస్తే తిన్నది అరుగుతుంది" అంటాడు, ఏమీ తినకపోయినా సరే. కొందరు పిల్లి కళ్లతో పుట్టినట్టు ఆయన భయంతో పుట్టాడు, అంతే.

ధైర్యం గొప్ప గుణమని బడిలో చెబుతారు. చెప్పనివ్వండి. ధైర్యవంతుడు బిగించిన చక్రం కంటే ఈయన బిగించిన చక్రం మీద ఎక్కడమే మేలని ఆ వీధిలో అందరికీ తెలుసు. బోల్టు బిగిస్తున్నంతసేపూ అది ఊడిపోతే ఏమవుతుందో ఆయన కళ్లకు కడుతూనే ఉంటుంది. ముందు చక్రం దొర్లిపోవడం, గొలుసు తెగి కాలికి చుట్టుకోవడం, బ్రేకు తీగ చేతిలోకి ఊడి రావడం. అవన్నీ చూసుకుని, చెమట తుడుచుకుని, ఇంకొంచెం బిగిస్తాడు. ఆ తర్వాత బోల్టు తల మీద పసుపు రంగు చుక్క ఒకటి పెడతాడు. రంగు ఉండేది భార్య వాడేసిన గోళ్లరంగు సీసాలో. కుంచె దాని మూతకున్నదే. చుక్క ఉందంటే ఆ బోల్టు సంగతి తేలిపోయినట్టు. లేదంటే దాన్ని నమ్మకూడదు. షెడ్డులో ఉన్న చట్టం అదొక్కటే.

అందుకే ఆయన బొట్టు మేస్త్రి. "ఎవరికైనా ఒక్క బొట్టు, మేస్త్రి బండికి ఒళ్లంతా బొట్లే" అని పక్కనున్న టైర్ల కొట్టాయన నవ్వుతాడు. నవ్వుతూనే తన బండి ఈ షెడ్డుకే పంపిస్తాడు.

షెడ్డు పెద్దదేం కాదు. పైన రేకులు, కింద నూనె తాగి తాగి నల్లబడ్డ గచ్చు. గోడకి పానాలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా వేలాడుతుంటాయి. ఒక మూల భార్య కుట్టు మిషను. బండి సీట్లన్నీ ఆవిడే కుడుతుంది. వెనక రేకుల చాటున ఆవిడ తమ్ముడు ట్యాంకులకు రంగులు వేస్తాడు. చెయ్యి మంచిది, కన్ను మరీ మంచిది. ఆ కన్నుతోనే చిక్కు. ఏ వస్తువైనా ఒక పక్క ఒకలాగా, రెండో పక్క మరోలాగా ఉంటే అతనికి నిద్ర పట్టదు.

ఇక కూతురు. తండ్రి పిరికి, కూతురు గండరగండి అంటే వినడానికి బాగుంటుంది గానీ సంగతి అంత తేలిక కాదు. ఆ అమ్మాయి పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఇంజను విప్పడంలో ఇప్పుడు ఆయనకంటే ఒక ఆకు ఎక్కువే చదివింది. బండి ఎక్కిందంటే వెనక్కి చూడదు. కానీ ఎక్కే ముందు ఒకసారి చుట్టూ తిరిగి చుక్కలు చూసుకుంటుంది. ఆమె ధైర్యం నిలబడిందే ఆయన భయం మీద.

ఆ బండి వాళ్ల అమ్మ తరఫు తాతది. ఆయన పోయాక ఇంటి వెనక టార్పాలిన్ కింద పడి ఉంది. గాలి వడపోసే డబ్బాలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. సైలెన్సరు చిల్లులు పడి జల్లెడయింది. దాన్ని బాగుచేసి కేఫ్ రేసరుగా మార్చుకుంటానంది కూతురు. ఒకప్పుడు ఎక్కడో కుర్రాళ్లు ఒక కాఫీ హోటలు నుంచి ఇంకో కాఫీ హోటలు దాకా పందేలు వేసుకోవడానికి మామూలు బండ్లను అలా కోసుకునేవాళ్లట. బరువు తీసేసి, తోక కత్తిరించి, ఒక్కరే కూర్చునే సీటు పెట్టి, హ్యాండిల్ కిందికి దించుకుంటే ట్యాంకు మీద పడుకున్నట్టు వంగి నడపొచ్చు.

"మీ తాత దీని మీద నిటారుగా కూర్చుని బతుకంతా తిరిగాడు. నువ్వెందుకే వంగడం?" అన్నాడు మేస్త్రి.

"గాలి తగలకుండా నాన్నా."

"తగిలితే ఏమవుతుంది, జలుబా?"

"స్పీడు తగ్గుతుంది."

"తగ్గనీ."

"నాన్నా, నువ్వు చెయ్యకపోతే బయట ఎవరి చేతనో చేయిస్తా."

ఆ మాటతో ఆయన లొంగిపోయాడు. బయట ఎవరో బిగించిన బండి మీద కూతురు వెళుతుంటే చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల కాదు. వెనక చట్రాన్ని తనే కోశాడు, అతుకులు తనే వేశాడు, వేసిన ప్రతి అతుకునూ సుత్తితో కొట్టి విన్నాడు. భార్య సీటు కుట్టింది. బావమరిది ట్యాంకుకి ముదురాకుపచ్చ రంగు వేసి, మొహం చూసుకునేంత మెరుగు పెట్టాడు. ఇంజను కూతురిది. బండి తయారవుతున్నకొద్దీ అందరి మొహాలూ వెలుగుతుంటే మేస్త్రికి మాత్రం అన్నం సయించడం తగ్గింది.

చివరికి హ్యాండిల్ దగ్గర పని ఆగింది. ఈ రకం బండికి ఒకే కడ్డీ ఉండదు. ముందు చక్రానికి అటూ ఇటూ ఉండే ఫోర్కు గొట్టాలకి చెరొక పొట్టి హ్యాండిల్, ఒక్కోదాన్నీ గొట్టానికి పట్టి ఉంచేది క్లాంపు అనే ఇనప పట్టీ, ఆ పట్టీని బిగించేది ఒక్క బోల్టు. ఎడమ వైపు పూర్తిగా తిప్పితే హ్యాండిల్ పిడికి, ట్యాంకుకి మధ్య బొటనవేలు నలుగుతోంది. సాయంత్రం మేస్త్రి ఎడమ బోల్టు వదులు చేసి, హ్యాండిల్‌ను కొంచెం జరిపి, వేళ్లతో మాత్రం తిప్పి వదిలేశాడు. పొద్దున కూతుర్ని కూర్చోబెట్టి, ఆమె మణికట్టు వాలుకి సరిపెట్టి అప్పుడు బిగించాలి. బోల్టు మీదున్న చుక్కను పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడిచేశాడు. ఎవరికైనా అర్థం కావడానికి అది చాలు. ఆ షెడ్డులో అయితే మరీను.

పొద్దున్నే ఆయన ముందు లేతు షాపుకి వెళ్లాడు, ఫుట్‌రెస్టు లోపల వేసే ఇనప తొడుగు, బుష్షు, చేయించింది తెచ్చుకోవడానికి. తిరిగొచ్చి సైకిలు గోడకి ఆనించేసరికి షెడ్డు మధ్యలో స్టాండు ఖాళీగా ఉంది. గచ్చు మీద తాజా నూనె బొట్టొకటి. గాలిలో ఇంకా పొగ వాసన.

"బండేదిరా?"

బావమరిది ఫోన్లో ఫొటోలు చూసుకుంటున్నాడు. "కోడలు ట్రయలు కొడతానని తీసుకెళ్లింది బావా. ఇదిగో చూడు, ట్యాంకు ఎలా వచ్చిందో. పొద్దుటి ఎండలో తీశాను. అన్నట్టు నీ చుక్కలు ఒకటి రెండు మర్చిపోయావు. హ్యాండిల్ దగ్గర కుడి పక్క ఉండి ఎడమ పక్క లేకపోతే ఫొటోలో బోసిగా ఉందని నేనే పెట్టేశాను."

మేస్త్రి చెయ్యి దానంతటదే బల్ల మీదున్న గోళ్లరంగు సీసాను అందుకుంది. ఆ పక్కనే కూతురి ఫోను ఛార్జింగుకు పెట్టి ఉంది.

"ఎడమది బిగించలేదురా" అన్నాడు.

కుట్టు మిషను ఆగిపోయింది. భార్య లేచి నిలబడింది.

బావమరిది స్కూటరు తీశాడు. "ఎక్కు బావా."

ఎవరి వెనకా కూర్చోని మనిషి మారుమాట లేకుండా ఎక్కాడు. అది చూశాకే బావమరిదికి అసలు భయం పట్టుకుంది.

ట్రయలు దారి ఎప్పుడూ ఒకటే. వీధి చివర కుడికి తిరిగి, పెద్ద రోడ్డు మీద వంతెన దాకా వెళ్లి, దాని కింద కుడికి మలుపు తీసుకుని తిరిగి రావాలి. ఆ మలుపు దగ్గర బ్రేకు వెయ్యక తప్పదు. మామూలు బండి అయితే వెయ్యనీ. ఈ బండి మీద ఒంటి బరువంతా మణికట్ల మీదే ఉంటుంది. బ్రేకు వేస్తే ఉన్న బరువూ లేని బరువూ వచ్చి రెండు పిడుల మీదా పడుతుంది. ఎడమ పిడి గిర్రున కిందికి తిరుగుతుంది. ఆ తర్వాతది కూడా ఆయనకు కనబడింది. ఇన్నేళ్లుగా ప్రతి బోల్టు దగ్గరా చూస్తున్నదే. అప్పుడు ఇంకొంచెం బిగిస్తే ఆ బొమ్మ పోయేది. ఇప్పుడు బిగించడానికి చేతిలో బోల్టు లేదు. బావమరిది భుజాన్నే గట్టిగా నొక్కాడు.

"బావా, భుజం ఊడొస్తుంది."

"నీ వెనక బ్రేకు పట్టట్లేదు. ఎన్నాళ్లయిందిరా చూపించి?"

"ఇప్పుడా సంగతి?"

"ముందు చూసి నడుపు."

వంతెనకి కొంచెం ఇవతల రోడ్డు పక్కన గుంపు కనబడింది. ఆగి ఉన్న బస్సు, దాని ముందు చక్రం దగ్గర వంగి చూస్తున్న జనం. స్కూటరు ఆగకముందే మేస్త్రి దిగిపోయాడు. ఎవరి భుజాలో పక్కకి నెట్టి లోపలికి దూరాడు. చక్రం కింద ఎవరూ లేరు. టైరు పేలింది, అంతే. జాకీ పెడుతున్న డ్రైవరు తలెత్తి "ఏంటి పెద్దాయనా?" అన్నాడు.

"బండి. ఆకుపచ్చ ట్యాంకు. అమ్మాయి."

"ఆ, ఇందాకే పోయింది. సౌండు భలే ఉంది."

"తిరిగి రావడం చూశావా?"

డ్రైవరు రోడ్డు వంక చూశాడు. "లేదండీ."

మేస్త్రి మళ్లీ స్కూటరెక్కాడు. మలుపు తిరిగేటప్పుడు కళ్లు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు. రోడ్డు మీద నల్లటి చార ఒకటి వంకరగా పోయి మట్టిలోకి దిగింది. అక్కడ గడ్డి అణిగిపోయి ఉంది. గడ్డి అవతల కల్వర్టు గోడ. గోడ మీద కూతురు కూర్చుని ఉంది, హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని.

బండి పక్క స్టాండు మీద ఉంది. కుడి హ్యాండిల్ ఉన్నచోటే ఉంది. ఎడమది నేలచూపులు చూస్తోంది.

మేస్త్రి వెళ్లి ఆమె ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. ఒక్కో వేలూ వంచి చూశాడు, మణికట్టు తిప్పి చూశాడు, మోచెయ్యి నొక్కాడు. బండిని చూసినట్టే చూశాడు. అరచెయ్యి గీసుకుపోయింది. ఇంకేమీ లేదు.

"చుక్క ఉంది నాన్నా" అంది ఆమె. తిట్టి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అంది. "చూసుకునే ఎక్కాను. రెండు పక్కలా ఉంది."

ఆయన నోరు తెరిచేలోపే వెనక నుంచి బావమరిది అన్నాడు. "అది నేను పెట్టానే."

"నువ్వా? బిగించావా మరి?"

"నేను బిగించడమేంటే, రంగులేసేవాణ్ణి. ఒక పక్క ఉండి ఒక పక్క లేదని..."

"మావయ్యా, నీకు దండం పెడతా. ఇంకెప్పుడూ ఏ బండినీ అందంగా చెయ్యకు."

నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. హెల్మెట్టు మీదున్న ఆమె వేళ్లు వణుకుతున్నాయి. మేస్త్రి వాటినే చూశాడు. కూతురు కొంచెం భయపడితే బాగుండునని ఇన్నాళ్లూ కోరుకున్నాడు. అమ్మలక్కల ముందు అన్నాడు కూడా. ఇప్పుడు ఆ వేళ్లను చూస్తే, దాచుకున్న రోగాన్ని ఆస్తిలా ఆమె పేర రాసిచ్చేసినట్టు అనిపించింది.

"నడిపించుకుని పోదాం అమ్మడూ. నేను తోస్తాను" అన్నాడు.

"అంత దూరమా?"

"ఏం, తిన్నది అరుగుతుంది."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు ఎక్కకపోతే మళ్లీ ఎక్కలేనేమో నాన్నా."

ఆయనకు వద్దనాలని ఉంది. ఒంట్లో ఉన్న ప్రతి ఎముకా వద్దంటోంది. జేబులోంచి పానా తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె బండి మీద కూర్చుని, పిడిని తన మణికట్టుకి సరిచూసుకుంది. హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పి, బొటనవేలు నలగడం లేదని చూసుకుని, దిగి బిగించింది. ఆయన మళ్లీ బిగించాడు. ఆమె మళ్లీ చూసింది.

"రంగేదీ?"

అప్పుడు తెలిసింది, సీసా ఇంకా ఆయన పిడికిట్లోనే ఉంది. వేళ్లు విప్పడానికి కొంచెం కష్టపడాల్సి వచ్చింది. ఆమె మూత తీసి, కుంచె ముంచి, చుక్క పెట్టలేదు. బోల్టు తల మీద మొదలుపెట్టి పక్కనున్న క్లాంపు మీదికి, క్లాంపు మీద నుంచి ఫోర్కు గొట్టం మీదికి ఒకటే గీత లాగింది.

"చుక్కైతే బోల్టుతో పాటు అదీ తిరుగుతుంది, తెలియదు. గీతైతే కదిలిన చోట విరుగుతుంది" అంది.

ఇన్నేళ్లూ తనకెందుకు తట్టలేదా అని మేస్త్రి ఆ గీతను చూశాడు. భయపడటంలోనే పొద్దంతా గడిచిపోయినవాడికి భయాన్ని ఎలా చూసుకోవాలో ఆలోచించే తీరిక ఉండదు కాబోలు. ఆరేదాకా దాని మీద ఊదాడు.

బండిది ఒంటి సీటు. ఆయన స్కూటరే ఎక్కాలి. కూతురు బండి స్టార్టు చేసింది. కాసేపు అలాగే ఉండి, హెల్మెట్టు సర్దుకుని, మెల్లగా రోడ్డెక్కింది. మొదట సైకిలు కంటే నెమ్మదిగా వెళ్లింది. తర్వాత సైకిలంత.

"దగ్గరగా పోనీరా."

"బావా, ఇంతకంటే దగ్గరైతే మనమే గుద్దుతాం."

"సరే, దూరంగా పోనీ. అంత దూరం కాదు."

వీధిలోకి తిరిగే ముందు సిగ్నలు పడింది. స్కూటరు ఆగీ ఆగగానే మేస్త్రి దిగి, బండ్ల మధ్యలోంచి ముందుకు నడిచాడు. కూతురి ముందు చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పసుపు గీత ఎక్కడా విరగలేదు.

"ఉందా నాన్నా?" అంది ఆమె, కిందికి చూడకుండా.

"ఉంది."

"సరిగ్గా చూశావా?"

సిగ్నలు పచ్చబడింది. వెనక హారన్లు మోగుతున్నాయి. ఎవరో ఏదో తిడుతున్నారు.

"ఉండు" అని ఆయన మళ్లీ వంగాడు.