కింద పెట్టిన కత్తెర

తొలిసారి విమానమెక్కి కుట్టుపని పోటీకి ఢిల్లీ వెళ్తూ, నాంపల్లిలో ఎయిర్‌పోర్టు బస్సు కోసం కూర్చున్నాను. ఎక్కడ పోతుందోనని అమ్మ కత్తెరను చేతిసంచిలోనే పెట్టుకున్నాను.

జిప్పు పక్కనుంచి పొడుచుకొచ్చిన దాని పిడిని పక్కనున్న పెద్దావిడ చూసింది.

"గది గాడ చెకింగుల గుంజుకుంటరు బిడ్డా. పెద్ద పెట్టెల వెయ్యి."

అది లేకుండా పోటీలో దేంతో కత్తిరించను? పిడికి తట్టుకుని జిప్పు ఎంత లాగినా రాలేదు. ఆవిడే కత్తెర బయటికి తీసి, మొనలకు తన చేతిరుమాలు చుట్టింది. తీసుకుందామని చెయ్యి చాపితే, ఇవ్వకుండా బెంచీ మీద పెట్టింది.

"కత్తెర చేతికిస్తే కొట్లాటైతది. మల్ల కలుస్తమో లేదో. అయినా మనకెందుకు కొట్లాట."

బెంచీ మీది కత్తెర తీసి పెద్ద పెట్టెలో వేసుకున్నాను. విమానం లేస్తున్నంతసేపూ కళ్లు తెరవలేదు. ఆ కత్తెరను మాత్రం ఇప్పటికీ ఎవరి చేతికీ ఇవ్వను, కింద పెడతాను.